ముందు పిలిచినవాళ్లే మళ్లీ పిలవాలి

"అక్కా, బస్సు లోపట పొగ వస్తున్నది, అందరు దుంకుతున్నరు!" అని అల్వాల్ దారిలోంచి చెల్లెలు అరిచింది. అంతే, ఫోను కట్టయింది. సికింద్రాబాద్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో కూర్చుని నేను మళ్లీ మళ్లీ నంబరు నొక్కాను. ప్రతిసారీ ఎంగేజే.

పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకున్న అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. "పెద్దమ్మా, ముందు ఫోన్ చేసింది ఎవరు?"

"నా చెల్లెలే చేసింది. నీకెందుకు పిల్లా?"

"అయితే మీరు ఆగుండ్రి. ఇద్దరు ఒక్కసారే చేస్తుంటే ఇద్దరికీ ఎంగేజే వస్తది. కంప్యూటర్లు ఒకదాంతో ఒకటి మాట్లాడే ప్రోగ్రాంలు రాస్త నేను. లైన్ తెగితే ముందు పిలిచిందే మళ్లీ పిలవాలె, రెండోది ఆగాలె అని రాస్తం."

"చెల్లెలు సచ్చిపోయుంటే?"

"సప్పుడు లేకుంటే అవుతల మిషన్ సచ్చిందో, నడుమ లైనే పోయిందో మాకు సుత తెల్వది. జెరసేపు చూసి, అప్పుడు మీరు చేయుండ్రి."

ఫోను నా ఒళ్లో పెట్టి, దానిమీద తన చెయ్యి ఉంచింది. ఆ కాసేపట్లో మనసులో నా చెల్లెల్ని పాడెమీద కూడా చూసేశాను.

ఫోను మోగింది. "ఎవరితోనక్కా గంత ముచ్చట? బస్సు దిగిన కాడికెల్లి చేస్తున్న, ఎంతసేపు చేసినా ఎంగేజే!"

అమ్మాయి తన పనిలో పడింది. నేను ఆమె పేరు అడగలేదు. రాత్రిబడిలో అక్షరాలు నేర్చినట్టే, ఆగడం కూడా ముసలితనంలోనే నేర్చుకున్నాను. భయం మాత్రం పోలేదు.