వరికి తొడిగిన మిర్చి గోతాం

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఎటు చూసినా మిరప, పత్తే. వినుకొండ దారిలో కాలవ నీళ్లు అందే ఒక్క పొలం చెక్కలో మాత్రం మా నాన్న వరి వేసేవాడు. ఆ ఏడు విత్తనం ఎదురింటి సాయిబుగారు ఇచ్చారు. ఆయన్ని నేను మామయ్యా అని పిలిచేదాన్ని. నన్ను రోజూ సైకిల్ మీద బడికి దింపేది ఆయనే.

పొద్దు తగ్గే రోజులొచ్చి చేనంతా ఈని కంకులేసింది. డొంక దారి పక్కనున్న వీధిలైటు దగ్గర మాత్రం ఒక్క వెన్నూ బయటికి రాలేదు. పైరు పచ్చగా, ఏపుగా, తనకేమీ పట్టనట్టు నిలబడింది. పోయినేడు అదే లైటు కింద వేరే రకం శుభ్రంగా పండింది. ఇంకేముంది, మామయ్య కల్తీ విత్తనం అంటగట్టాడని నాన్న ఆయనతో మాటలు మానేశాడు. నా సైకిల్ ప్రయాణమూ ఆగిపోయింది. మామయ్య మా గుమ్మం వైపు చూడకుండా వెళ్లిపోతుంటే నాకు ఏడుపొచ్చేది.

మా నాయనమ్మకు కోపం కంటే ఆరా ఎక్కువ. చేను చుట్టూ తిరిగొచ్చి, "ఒరేయ్, కల్తీ అయితే చేలో అక్కడొకటీ ఇక్కడొకటీ ఉండాలి గదరా. గిరి గీసినట్టు లైటు చుట్టూనే ఎందుకుంటది?" అంది. నాన్న "నువ్వూరుకోవే అమ్మా" అన్నాడు.

ఆవిడ ఊరుకునే రకమా? లైటు కింద కొన్ని దుబ్బుల పక్కన కర్రలు పాతి, రోజూ లైటు వెలిగేలోపు వాటికి ఖాళీ మిర్చి గోతాలు తొడిగేది. పొద్దున్నే తీసే పని నాది. ఆ ఘాటుకు ఒకటే తుమ్ములు. "ఏమవుద్దే నాయనమ్మా?" అంటే, "నాకేం తెలుసే, చూద్దాం" అనేది. పెద్దవాళ్లు అలా అనొచ్చని నాకప్పుడే తెలిసింది, ఎంతో నచ్చింది కూడా.

వారాలు గడిచాక ఒక పొద్దున గోతాం లాగితే లోపల వెన్ను తొంగిచూస్తోంది. గోతాం లేని పక్క దుబ్బు ఇంకా పచ్చగానే ఉంది. తుమ్ముతూ, అరుస్తూ ఇంటికి పరిగెత్తాను.

పోయినేటి రకం పొద్దుతో పనిలేకుండా తన వయసు చూసుకుని ఈనేదట. మామయ్య ఇచ్చింది మాత్రం రాత్రి పొడుగైతేనే ఈనే పాత రకం. లైటు దానికి రాత్రే కానివ్వలేదు. ఈ సంగతి నాకు పెద్దయ్యాక చదువులో తెలిసింది. ఆ రోజు నాన్నకు మాత్రం వెన్ను చూస్తే చాలింది. దాన్ని పట్టుకుని ఎదురింటికి వెళ్లి, "తప్పు నాదే బావా" అన్నాడు. మర్నాడు మా గుమ్మం ముందు సైకిల్ బెల్లు మోగింది. "ఎక్కమ్మా, బడికి టైమైంది" అన్నాడు మామయ్య, మధ్యలో ఏమీ జరగనట్టే.

ఇప్పటికీ ఎవరినైనా నిందించబోతే నా ముక్కుకు ఆ ఘాటు తగులుతుంది. నోటిదాకా వచ్చిన మాట ఆగిపోతుంది.