లక్క పోసిన గవ్వ

పక్కింటి అరుగు మీద ఆడవాళ్లు గవ్వలాడుతున్నారు. గచ్చు మీద ఆ గలగల వినగానే రాస్తున్న నా చెయ్యి ఆగిపోయింది. ముప్పై ఏళ్ల కిందట నిడదవోలు బడిలో దేవదానం మాస్టారి తరగతి నుంచి ఇదే చప్పుడు వచ్చేది. పక్కగదిలో ఎక్కాలు వల్లె వేయిస్తూ నేను పళ్లు కొరుక్కునేవాణ్ణి.

ఇద్దరం లెక్కలే చెప్పేవాళ్లం. ముందు చేరింది నేనే అయినా, పిల్లలు ఆయన వెంటే తిరిగేవారు. ఆయన ఒక్కో గవ్వను నూరుసార్లు వేయించి, ఎన్నిసార్లు వెల్లకిలా పడిందో పలక మీద గీతలు పెట్టించేవారు. "ఒక్క విసురుకి గవ్వ గుణం తెలీదర్రా. నూరు వెయ్యండి, అదే చెప్తుంది," అనేవారు.

"బడిలో జూదం మొదలెట్టారటగా మాస్టారూ?" అని ఒకనాడు పిల్లల ముందే ఎత్తిపొడిచాను.

"జూదగాడు ఈసారి ఏం పడుతుందా అని చూస్తాడండి. మేం నూటికి ఎన్ని పడతాయో చూస్తున్నాం. రండి, మీరూ ఓ చెయ్యి వెయ్యండి," అన్నారు. పిల్లలు గొల్లుమన్నారు. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

ఇంతలో హెడ్మాస్టరు పని ఖాళీ అయింది. ఇనస్పెక్టరు గారు మా ఇద్దరి పాఠాలూ విని ఒకరిని ఎంచుతారన్నారు. నేను ముందురోజు పొద్దున బడికి వచ్చేముందే ఇంట్లో ఒక గవ్వ, ఎక్కువగా బోర్లా పడేలా, దాని కడుపులో లక్క కరిగించి పోసి ఉంచాను. ఇనస్పెక్టరు గారు వచ్చిన రోజు అందరూ భోజనాలకు వెళ్లగానే, దేవదానం గారి బల్ల మీది గవ్వ తీసి దాన్ని పెట్టాను. ఆయన్ను జూదగాడన్నది నేను. జూదగాళ్ల పని చేసిందీ నేనే.

"నూటికి నలభై దాకా వెల్లకిలా పడతాయండి," అన్నారు పిల్లలు ధీమాగా. వేశారు. పడినవి పన్నెండు.

"ఏంటండీ మాస్టారూ, మీ లెక్క గోదాట్లో కలిసిందే!" అన్నారు ఇనస్పెక్టరు గారు.

దేవదానం గారు గవ్వను అరచేతిలో ఎగరేసి చూశారు. "లెక్క తప్పలేదండి. ఇది మా గవ్వ కాదు," అన్నారు. దాన్ని సాకు కింద జమకట్టారు ఇనస్పెక్టరు గారు. పని నాకిచ్చారు.

సాయంత్రం దేవదానం గారే వచ్చి గవ్వను నా చేతిలో పెట్టారు. "నిన్న మీ వేళ్లకి లక్క చూసి, ఉత్తరానికి సీలు వేశారనుకున్నానండి."

నేను చప్పున ఆ చేతిని పంచె మడతల్లో దాచుకున్నాను.

"ఒక్క విసురు చూసి గవ్వనే తేల్చం. మనిషిని తేలుస్తామా?" అని గొడుగు తీసుకుని వెళ్లిపోయారు.

ఎనిమిదేళ్లు నా చేతికింద పనిచేశారు. ఎవరికీ చెప్పలేదు. క్షమించమని నేనూ అడగలేదు. ఇవాళ, రేపు అంటూండగానే ఆయన పోయారు. ఆ తరువాత ఒక్క తప్పు చూసి ఏ పిల్లవాణ్ణీ బడి నుంచి పంపలేదు. నాలో మంచి అంటూ ఉంటే అది ఆయన పెట్టిందే.

ఇప్పటికీ పాత విద్యార్థులు వస్తే ముందు ఆయన పేరే ఎత్తుతారు. నాకు చురుక్కుమంటుంది. అయితే నేనూ గీతలు పెట్టుకుంటున్నాను. ఒకప్పుడు పదికి పదిసార్లూ చురుక్కుమనేది. ఈ మధ్య పదికి నాలుగుసార్లే.