గరగర లేని పెట్టె

ఆయన్ని తెలిసినవాళ్ళంతా మౌనం మేస్త్రి అంటారు. మనిషి మాట్లాడడని కాదు. మాట్లాడటం మొదలుపెట్టాడంటే ఎదుటివాళ్ళు పని గుర్తొచ్చినట్టు లేచిపోవాల్సిందే. పగలంతా కళ్ళజోళ్ళ దుకాణం వెనకగదిలో కూర్చుని అద్దాలు అరగదీస్తాడు. సాయంత్రం ఇంటికొచ్చి పాత కంప్యూటర్లు విప్పుతాడు. అవీ ఏవి పడితే అవి కాదు. తెరా యంత్రమూ ఒకే పెట్టెలో ఇమిడిపోయి, ఎత్తుకెళ్ళడానికి పైన ఒక పిడి ఉండే బుల్లి కంప్యూటర్లంటే ఆయన చెవి కోసుకుంటాడు. అలాంటిది చేతికి చిక్కితే దాని నోరు మూయించేదాకా ఊరుకోడు. గుర్రుమనే ఫ్యాను తీసేసి సడి లేనిది పెడతాడు. గరగరలాడే డిస్కు పీకేసి వేలిగోరంత మెమరీ కార్డు బిగిస్తాడు. చెవి ఆనించి విన్నా అది నడుస్తోందో లేదో తెలియకూడదని ఆయన పంతం. ఆ పేరు అలా వచ్చింది.

ఆదివారాలు సైకిల్ షాపు మీది హాలులో ఈ పిచ్చి ఉన్నవాళ్ళందరూ చేరతారు. తలా ఒక బల్ల వేసుకుని సామాను పరుస్తారు. అక్కడ డబ్బు మాటెత్తకూడదు, వస్తువుకి వస్తువే. ఇంకో నియమం కూడా ఉంది. ఒకసారి ఇచ్చేసింది వెనక్కి అడగకూడదు. కాదూ కూడదని అడిగితే, అవతలివాడు నీ సామానులో దేని మీద చెయ్యి వేస్తే అది మారుమాట లేకుండా ఇచ్చెయ్యాలి. ఈ భయానికే అక్కడ ఎవరూ ఏదీ వెనక్కి అడిగిన పాపాన పోలేదు.

ఆ హాలులో మేస్త్రికీ పళ్ళ డాక్టరుగారికీ ఉప్పూ నిప్పూ. డాక్టరుగారి లెక్కలో పెట్టె పుట్టినప్పుడు ఎలా ఉందో చివరిదాకా అలాగే ఉండాలి. తుప్పు పట్టిన స్క్రూ మార్చాలన్నా ఆయన ప్రాణం ఒప్పుకోదు. మేస్త్రి చేసేది బాగుచేయడం కాదనీ, గొంతు నొక్కడమనీ అందరి ముందూ అంటూ ఉంటారు. ఊడిన పన్ను చోట కొత్త పన్ను కట్టి బతికే మనిషా ఈ మాట అనేదని మేస్త్రి పగలబడి నవ్వుతాడు.

ఈ మేస్త్రికి ఒక అక్క ఉంది. పక్క వీధిలో మేడమీద గదిలో ఒక్కతే ఉంటుంది. చాలా ఏళ్ళు శుభలేఖలూ విజిటింగ్ కార్డులూ టైపు చేసి ఇచ్చే చిన్న దుకాణం నడిపింది. బేరాలు లేని వేళల్లో, దుకాణంలో ఉన్న బుల్లి కంప్యూటరు మీదే డిటెక్టివ్ కథలు రాసేది. వాటికి పాఠకుడు తమ్ముడొక్కడే. దుకాణం మూసేశాక ఆ కంప్యూటరు అమ్మేసింది. ఆ తరవాత కళ్ళు మసకబారాయి. చూపులో మధ్యభాగమే పోయింది, అంచులు మాత్రం మిగిలాయి. ఎంతమందికో చూపు సరిచేసిన మేస్త్రి, అక్కకి పనికొచ్చే అద్దం మాత్రం అరగదీయలేకపోయాడు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆయనకి ముద్ద దిగదు.

దుకాణం మూసేనాటికి ఒక కథ సగంలో ఉండిపోయింది. లోపలినుంచి గడియ వేసిన గదిలో తాళాలు బాగుచేసేవాడు చచ్చి పడి ఉంటాడు. ఎవరు చంపారో అక్కకి తప్ప ఎవరికీ తెలియదు. చెప్పమని తమ్ముడు ఎన్నిసార్లు కాళ్ళావేళ్ళా పడ్డా చెప్పలేదు. నోటితో చెప్పేస్తే ఇక రాయబుద్ధి కాదట. రాయకపోతే మనిషి వాడిపోతోంది. పొద్దున లేచిన దగ్గర్నుంచీ కిటికీ దగ్గర చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. నొక్కిన అక్షరమల్లా పైకి చదివి వినిపించే ఫోను ఒకటి తెచ్చిస్తే రెండో రోజే బీరువాలో పెట్టేసింది. తను రాసేటప్పుడు ఇంకొకళ్ళు మాట్లాడకూడదంది.

అందుకని మేస్త్రి ఆమె పాత కంప్యూటరు లాంటిదే ఇంకొకటి వెతికి పట్టుకున్నాడు. అక్క వేళ్ళకి ఆ కీబోర్డు కంఠతా వచ్చు, అక్షరాలు చూడాల్సిన పని లేదు. రాసింది సాయంత్రం తను చదివి వినిపిస్తే దిద్దుకుంటుంది. ఇంతవరకూ ఆలోచన బాగానే ఉంది. కానీ చేతులు ఊరుకోవు కదా. ఫ్యాను మార్చాడు. డిస్కు తీసేసి కార్డు పెట్టాడు. ఆ డిస్కునీ ఫ్యానునీ డాక్టరుగారికి ఇచ్చేసి, అక్క వేళ్ళకి అలవాటైన రకం మంచి కీబోర్డు పుచ్చుకున్నాడు. తన జీవితంలో ఇంత నిశ్శబ్దమైన పెట్టె చెయ్యలేదని మురిసిపోతూ తీసుకెళ్ళి అక్క బల్ల మీద పెట్టాడు.

మర్నాడు సాయంత్రం వెళ్ళేసరికి అక్క మొహం వెలిగిపోతోంది. కొత్త అధ్యాయం మొత్తం అయిపోయిందనీ, చదివి చూడమనీ అంది. మేస్త్రి తెర వంక చూశాడు. రెండు పంక్తులున్నాయి. వాటి కింద, రాసింది దాచమంటారా వద్దంటారా అని చిన్న గడిలో ఒక ప్రశ్న నిలబడి ఉంది. పొద్దున్నే ఏదో మీట మీద పొరపాటున వేలు పడింది. జవాబు కోసం యంత్రం అక్కడే ఆగిపోయింది. అక్క మాత్రం మధ్యాహ్నమంతా టైపు చేస్తూనే ఉంది. ఒక్క అక్షరం ఎక్కలేదు.

ఎలా చెప్పాలో తెలియక మేస్త్రి నీళ్ళు నమిలాడు. చివరికి చెప్పాడు. అక్క మీటల మీంచి చేతులు తీసేసింది.

"నాది గరగరమనేదిరా. దాచినప్పుడల్లా డిస్కు గొణిగేది. గొణిగిందంటే ఎక్కిందని లెక్క. గొణగలేదంటే ఏదో తేడా వచ్చిందని చెయ్యి ఆపేదాన్ని. కళ్ళు బాగున్నప్పుడు కూడా నేను తెర ఎక్కడ చూశాను? ఇది అసలు ఉందో లేదో కూడా తెలియట్లేదు. తీసుకుపో. ఇంక నావల్ల కాదు."

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. పదిమందీ మెచ్చుకున్న పనితనంతోనే అక్క చేతులు కట్టేశాడు. పెట్టెని వెనక్కి తీసుకెళ్ళలేదు. మూలన పెట్టి పైన గుడ్డ కప్పి వచ్చేశాడు.

ఆదివారం హాలుకి పోయి డాక్టరుగారి బల్ల ముందు నిలబడ్డాడు. తనిచ్చిన డిస్కు వెనక్కి కావాలన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చేస్తున్న పని ఆపేశారు. డాక్టరుగారు కళ్ళజోడు పైకి తోసుకుని, గొంతు నొక్కినవాడికి మళ్ళీ గొంతుతో ఏం పనో చెప్పమన్నారు. మేస్త్రి సిగ్గు చంపుకుని మొత్తం చెప్పాడు. మామూలుగా గంట పట్టాల్సిన కథ నాలుగు ముక్కల్లో అయిపోయింది.

డాక్టరుగారు నవ్వలేదు. లేచి మేస్త్రి బల్ల దగ్గరికొచ్చి సామానంతా నెమ్మదిగా చూశారు. పొగరంగు పెట్టె మీద చెయ్యి వేశారు. అది మేస్త్రి చెత్తకుప్పలోంచి ఏరుకొచ్చి మొట్టమొదట ప్రాణం పోసిన పెట్టె. ఆ రంగుది హాలు మొత్తానికీ ఇంకొకటి లేదు. దాన్ని ఎవరు అడిగినా ఇవ్వలేదు, చూపించడానికి మాత్రమే తెచ్చేవాడు. మేస్త్రి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా మారుమాట లేకుండా దాని తీగ చుట్టి డాక్టరుగారి చేతికిచ్చాడు.

డాక్టరుగారు డిస్కు తెచ్చి ఇస్తూ, దానితోపాటు ఆ పాత ఫ్యాను కూడా చేతిలో పెట్టారు.

"డిస్కు ఒక్కటే పట్టుకెళ్తే ఏం లాభం మేస్త్రీ? మీ అక్కగారికి తెలిసిన చప్పుడులో సగం దీనిది. ఇది మాత్రం ఊరికే ఇస్తున్నాను."

ఆ మధ్యాహ్నమే మేస్త్రి అక్క గదిలో నేల మీద పాత గుడ్డ పరిచి పెట్టె విప్పాడు. తన చేత్తో పెట్టినవన్నీ తన చేత్తోనే పీకేశాడు. అక్క కిటికీ దగ్గర అటు తిరిగి కూర్చుంది. స్విచ్చి నొక్కగానే ఫ్యాను గుర్రుమంది. డిస్కు రెండుసార్లు దగ్గి గరగరలాడింది. అక్క ఇటు తిరిగింది. కుర్చీ చేతులు పట్టుకుని లేచి, తడుముకుంటూ వచ్చి పెట్టె మీద అరచెయ్యి ఆనించింది. ఆ తరవాత కూర్చుని ఒక వాక్యం టైపు చేసి, దాచే మీట నొక్కింది. డిస్కు గొణిగింది.

"ఎక్కింది," అంది అక్క.

ఇంక వేళ్ళు ఆగలేదు. పోయిన అధ్యాయం మొదటి అక్షరం నుంచీ మళ్ళీ మొదలుపెట్టింది. మేస్త్రి ప్రాణం కుదుటపడింది. కుదుటపడగానే పాత అలవాటు కూడా తిరిగొచ్చింది. డాక్టరుగారు ఎలా చెయ్యి వేశారో, పొగరంగు పెట్టె ఎలా పోయిందో చెప్పడం మొదలుపెట్టాడు. అది చెబుతూనే, ఇంత త్యాగం చేసినందుకైనా తాళాలవాణ్ణి ఎవరు చంపారో చెప్పమని మధ్యలో అడిగాడు.

అక్క వేళ్ళు ఆపకుండానే అంది. "ఒరేయ్, కాసేపు నోరు మూసుకో. దాని చప్పుడు విననీ."

మేస్త్రి నోరు మూసుకున్నాడు.