ఆదిలాబాద్ పార్కులో బాపు తలూపిన ఉదయం

పిట్టల కోసం ఊళ్లు తిరిగే ధైర్యం నాకెక్కడిది! తాడును చూసినా పామనుకునే రకాన్ని నేను. ఈ ప్రయాణం మా బాపు వల్ల మొదలైంది. సిరిసిల్లలో నలభై ఏళ్లు పవర్‌లూమ్‌లు నడిపిన మనిషి. ఆ చప్పుడు ఆయన చెవులను తినేసింది. ఇప్పుడు కరీంనగర్‌లో మా ఇంట్లోనే ఉంటూ, చలికాలం రాగానే మెడలో బైనాక్యులర్ వేసుకుని మానేరు డ్యామ్ పక్కన పార్కుకు పోతాడు. పిట్టను చూడటానికి చెవులతో ఏం పని అంటాడు. అక్కడ కలిసే ఒకాయన ఓరోజు ఫోన్‌లో ఆరెంజ్ హెడెడ్ థ్రష్ ఫొటో చూపించాడు. నారింజ రంగు తల, బూడిద రంగు రెక్కలు, పొదల కింద ఎండుటాకులు తిరగేసి పురుగులు ఏరుకునే పిట్ట. దాన్ని ఆదిలాబాద్‌లో ఊరి చివరి అటవీ పార్కులో తీశాడని తెలిసినప్పటి నుంచి బాపు నన్ను నిలవనివ్వలేదు.

శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకు కరీంనగర్ బస్టాండులో ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. జగిత్యాల, నిర్మల్ మీదుగా ఐదున్నర గంటలు పట్టింది. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి ఆధార్ చూపిస్తే నాకు టికెట్టు డబ్బులు లేవు, బాపుకు మూడు వందల పైచిలుకు. బస్టాండు ఎదుట ఎనిమిది వందలకు లాడ్జి గది దొరికింది. ఆదిలాబాద్ చలి గురించి విన్నాను గానీ, రెండు దుప్పట్లు కప్పుకున్నా పళ్లు టకటక కొట్టుకుంటాయని అనుకోలేదు.

తెల్లవారి ఆరింటికి నూట యాభైకి ఆటో మాట్లాడుకున్నాం. బండి లైటు వెలుగు నాలుగు గజాలు దాటడం లేదు. డ్రైవర్ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. "గింత మంచుల పోతున్నరా మేడం? జర పొద్దెక్కినంక పోవచ్చు గద!" అన్నాడు. ఎందుకని అడిగితే, "ఏం లేదు, ఊకెనే అన్న" అని దాటేశాడు. ఆ 'ఊకెనే' విన్నాక నేను బాపు పక్కకు జరిగి కూర్చున్నాను.

పార్కు గేటు దగ్గర మనిషికి ఇరవై టికెట్టు. నేను చిల్లర వెతుకుతుంటే, ఆకులు ఊడ్చే ఒకామె బాపుతో చెయ్యి తిప్పుతూ ఏదో చెప్పింది. బాపు తలూపి లోపలికి నడిచాడు. పిట్టలు బెదరకుండా ముప్పై అడుగుల ఎడంగా నడవాలన్నది బాపు పెట్టిన నియమం కాబట్టి నేనూ తొందరపడలేదు. తీరా దగ్గరికి వెళ్తే, చీపురు పట్టుకుని అటు తిరిగి ఉన్న ఆమె తల వెనక ఇంకో ముఖం! కెవ్వుమన్నాను. అది ప్లాస్టిక్ మాస్కు.

"భయపడకు అక్కా," అని ఇటు తిరిగింది. పేరు శాంతాబాయి. "మా కాగజ్‌నగర్ దిక్కు పత్తి ఏరేటోళ్లు గిట్లనే కట్టుకుంటరు. ఎనుకకెళ్లి వచ్చే జంతువు మొకం చూస్తే ఆగుతదంటరు. రెండు దినాల సంది చిరుత తిరుగుతున్నది. పొదల దిక్కు పోవద్దు, కింద వంగి కూసోవద్దు అని పెద్దాయనకు చెప్పిన గద. తలూపిండు."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. లూమ్‌ల దగ్గర బతికిన వాళ్లు అన్నింటికీ తలూపుతారు. ఆ హోరులో మాట వినబడదు, మళ్లీ అడిగే తీరిక ఉండదు. చెవి మిషన్ పెట్టుకోలేదా అంటారేమో, మంచుకు తడుస్తుందని దాన్ని జేబులో పెట్టుకున్నాడు. ఫోను మోగదు, పిట్టల కోసం సైలెంట్‌లో ఉంటుంది.

"బాపూ!" అని అరిచాను. మంచులో ఏమీ కనబడలేదు. మళ్లీ మళ్లీ అరిచాను. అప్పుడే పైన చెట్ల మీద కొండెంగలు గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు ఖర్రుమని దగ్గడం మొదలుపెట్టాయి. శాంతాబాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "చూసినయి దాన్ని. ఉరకకు, ఉరికితే ఎంబడి పడ్తది."

మెల్లగా నడుస్తుంటే దారి మలుపులో కనిపించాడు. గొంతుక్కూర్చుని, పొద కిందికి బైనాక్యులర్ పెట్టి, కదలకుండా ఉన్నాడు. అవతల గడ్డి ఊగుతోంది. గాలి లేదు.

చిన్నప్పుడు లూమ్‌ల షెడ్డుకు బాపుకు సద్ది తీసుకుపోతే చూసేదాన్ని. అక్కడ ఎవరినైనా పిలవాలంటే నూలు అయిపోయిన ఖాళీ కండెను వాళ్ల కాళ్ల ముందుకు విసిరేవారు. ఒక మట్టిపెళ్ల తీసి విసిరాను. మొదటిది ఎక్కడో పడింది. రెండోది ఆయన చెప్పు పక్కనే పగిలింది. తిరిగి చూశాడు. లేవమని రెండు చేతులూ పైకెత్తాను. నా ముఖంలో ఏం కనిపించిందో, నిటారుగా లేచి అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చాడు. నా చెయ్యి అందుకున్నాడు.

ఎనిమిదింటికి మంచు విడిచాక గార్డు వచ్చి చూశాడు. తడి మట్టిలో అప్పుడే పడ్డ పంజా గుర్తులు, అంచులు కూడా చెదరలేదు. అక్కడి నుంచి బాపు చెప్పుల గుర్తుల దాకా బాపే నడిచి లెక్కపెట్టాడు. పద్నాలుగు అడుగులు. మిషన్ తీసి చెవిలో పెట్టుకుని నా వైపు తిరిగాడు.

"ఎన్నిసార్లు పిలిచినవ్ బిడ్డా?"

"ఎన్నో సార్లు బాపూ."

"ఒక్కటి గుడ ఇనబడలే," అన్నాడు. "ఆమె చెప్పింది గుడ ఇనబడలే. నాకు ఇనబడ్తలేదు బిడ్డా."

పదిహేనేళ్లుగా ఎప్పుడడిగినా "ఇనబడ్తది తియ్" అన్న మనిషి. పంజా గుర్తులు చూసినప్పుడు కూడా ఏడవని నేను, ఆ మాటకు ఏడ్చేశాను.

ఇది చదివి ఆదిలాబాద్ వెళ్లొద్దని నేననను. ఆ పొద కిందే థ్రష్‌ను బాపు చూశాడు, అది ఆకు తిరగేసిన తీరు ఇప్పటికీ వేళ్లతో చేసి చూపిస్తాడు. నా భయం మాత్రం పోలేదు, పోతుందని కూడా అనుకోను. కరీంనగర్ పార్కుకు ఇప్పుడు ఇద్దరం వెళ్తున్నాం, పక్కపక్కనే నడుస్తున్నాం. పిట్టలు తక్కువే కనిపిస్తున్నాయి, పోనీ. మీకో మాట: చెవి సరిగా వినబడని పెద్దవాళ్లతో వెళ్తే ఎడంగా నడిచే నియమం పక్కన పెట్టి, చేతికందే దూరంలో నడవండి.