పూతరేకుల పెట్టెతో పేటెంటు ఆఫీసుకి

నేను కనిపెట్టిన నీటిరంగు పూతను పేటెంటు ఆఫీసువారు "ఇది ఎవరికైనా తట్టేదే" అని కొట్టేశారు. అన్యాయం! కాకపోతే ఆ అన్యాయానికి కావలసిన సరంజామా అంతా పెట్టెలో సర్ది, రైలెక్కించి, చెన్నై దాకా మోసుకెళ్లింది నేనే. ఆ ఘోరం చెబుతాను, నవ్వితే నవ్వండి.

ధవళేశ్వరంలో నాది ఇనుపరేకులకు రంగులేసే షెడ్డు. బడి చదువు ఐదో తరగతి; మిగతాదంతా పాత పుస్తకాల కొట్టు పుణ్యం. రేకును ముందు వేడిచేసి, నీళ్లలో కలిపిన రంగులో గుడ్డ ముంచి ఒక్క లాగు లాగితే, నీరు ఆవిరై ఉల్లిపొరంత పూత నిలుస్తుంది. లోకానికి ఇది కొత్తేనని పేటెంటుకు పెట్టాను. ఓ పెద్ద రంగుల కంపెనీ అడ్డుపడింది. వాళ్లు గెలిస్తే నా పద్ధతి వాళ్లూ వాడుకుంటారు, అదీ నాకంటే చవగ్గా; ఇక నా షెడ్డుకు తాళమే.

నాకు తెలియని చట్టమా అని లాయరును పెట్టుకోలేదు. విచారణ గది గుమ్మం దగ్గర ఆ ధీమా కాస్తా జారిపోయింది. చేతిలో మా ఆవిడ ఇచ్చిన పెట్టె. మనవైపు ఎవరి గుమ్మమైనా ఉత్త చేతులతో తొక్కం కదండీ! తిన్నగా ఆఫీసరు గారి బల్ల మీద పెట్టేశాను. నా ఖర్మకొద్దీ ఆయనా, కంపెనీ లాయరూ ఇద్దరూ తెలుగువాళ్లే.

"ఏంటండీ ఇది? తీసేయండి!" అన్నారు ఆఫీసరు గారు.

"పూతరేకులండి. మా అత్తగారిది ఆత్రేయపురం."

లాయరు మెడ చాచాడు. "కాగితంలా ఉన్నాయే! ఇంత పల్చగా ఎలా తీస్తారు బాబాయిగారూ?"

బాబాయన్నాడు! భయంతో ఎండిన నోరు గలగలా పారింది.

"ఇదీ తెలీదా? కుండ బోర్లించి కింద మంట పెట్టాలండి. పిండి నీళ్లలో పల్చగా కలిపి, గుడ్డ ముంచి ఒక్క లాగు లాగాలి. నీరు ఆవిరైపోద్ది, పొర నిలబడిపోద్ది. మా అత్తగారి ఊళ్లో ఏ పిల్లనడిగినా చెబుద్ది!"

లాయరు నెమ్మదిగా నా దరఖాస్తు తిరగేశాడు. "కుండకి బదులు రేకు, పిండికి బదులు రంగు. ఇంకేమైనా తేడా ఉందాండీ?"

"ఉందండి," అన్నాను. "రంగులో బెల్లం వెయ్యం."

ఆఫీసరు గారు నవ్వలేదు. రాసుకున్నారు. ఆ పెన్ను కదిలినప్పుడల్లా నా షెడ్డు తలుపు మూసుకుంటున్నట్టే వినిపించింది.

షెడ్డు ఇంకా నడుస్తోంది. రోజూ తాళం తీసేటప్పుడు మాత్రం ఇదే ఆఖరిసారేమో అనుకుంటాను. గోదారమ్మ సాక్షిగా ఒట్టు: ఇక ఏ విచారణకైనా ఉత్త చేతులతోనే వెళ్తాను, వంట గురించి ఎవరడిగినా పెదవి విప్పను.

ఉత్తర్వు వచ్చిన రోజు దాన్ని మా ఆవిడ ముందు పడేసి అరిచాను: "ఎవరికైనా తట్టేదేనంట! నువ్వైనా చెప్పు, ఇది న్యాయమా?" మర్నాడు కాఫీ అందిస్తూ జవాబిచ్చింది:

"పెళ్లిచూపులకొచ్చిన రోజు మా అమ్మ రేకులు తీస్తుంటే కళ్లప్పగించి చూశారు. అది మీకు తట్టడానికే ముసలితనం దాకా పట్టిందండీ!"