లెక్కలోకి రాని పదిహేడు మంది

టూర్డిస్, బేర్గెన్ ఊళ్లో ఒక ఆసుపత్రి ల్యాబులో ముప్పై ఆరేళ్లు రక్తపరీక్షలు చేసింది. రిటైరైన రోజున పూలగుత్తి ఇచ్చి, ఎన్నో ప్రాణాలు కాపాడావన్నారు. అలాంటి మాటలంటే ఆమెకు చిరాకు. ల్యాబులో ప్రాణాలు కాపాడరు, అంకెలు చెబుతారు. అంకె తప్పితే ఎవరు పోయారో కూడా తెలియదు.

ఆమెకు ఒకడు తెలుసు. ఓస్మున్, పడవల రేవులో పనిచేసి మానేసినవాడు. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిందేమోనని వచ్చాడు. స్కాన్‌లో ఏదీ తేలక ఇంటికి పంపారు. తొమ్మిదో రోజున పోయాడు, గడ్డ వల్లే.

అప్పట్లో ఆ గడ్డను పట్టే కొత్త రక్తపరీక్ష మీద అధ్యయనం నడుస్తోంది. దాన్ని నడిపే డాక్టరు, స్కాన్‌లో అటూ ఇటూ తేలనివాళ్లను లెక్కలోంచి పక్కన పెట్టమన్నాడు. టూర్డిస్ పెట్టింది, ఓస్మున్‌నూ. ఓస్మున్ పోయాక, మనసాగక, ల్యాబులో మిగిలిన అతని రక్తం మీద ఆ పరీక్ష చేసి చూసింది. గడ్డ లేదని వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. అప్పటినుంచి, ఓస్మున్‌లా వానకోటుతో బస్సెక్కే ప్రతి ముసలివాడూ చొక్కా చెయ్యి పైకి మడిచి, “ఏం వచ్చింది అమ్మాయ్?” అని అడిగేవాడిలాగే కనిపించేవాడు.

పద్నాలుగేళ్ల తర్వాత, ఆ పరీక్షను ఊరూరా డాక్టర్లకు సిఫారసు చేయాలా అని తేల్చే కమిటీలోకి ఆమెను పిలిచారు. ఆధారమంతా ఆ ఒక్క అధ్యయనమే. నూటికి తొంభై ఏడు సరిగ్గా చెబుతుందని అందులో ఉంది. గడ్డ లేదని వస్తే రోగిని ఇంటికి పంపేయొచ్చని గట్టి సిఫారసు రాసేశారు, ఇక సరేనని చేతులెత్తి ఓటెయ్యడమే మిగిలింది. కమిటీ పెద్ద హల్వార్ వేఫర్ల పళ్లెం ఆమె వైపు జరిపాడు.

టూర్డిస్ చెయ్యెత్తకుండా ఓస్మున్ సంగతి చెప్పింది.

“నీ జ్ఞాపకం ఆధారమవుతుందా, టూర్డిస్?” అన్నాడు హల్వార్.

“కాదు. అందుకే దాన్ని వదిలెయ్. మొదటి పట్టిక చూడు, రక్తం తీసింది రెండు వందల ముప్పై మందికి. చివరి పట్టికలో ఎంతమంది?”

అతను చూశాడు. రెండు వందల పదమూడు.

“పదిహేడు మందే కదా.”

“స్కాన్‌లో తేలక పక్కన పెట్టినవాళ్లు వాళ్లే. డాక్టరు పరీక్ష రాసేదే అలాంటివాళ్లకి. మిగతావాళ్లు మొహం చూస్తేనే తెలిసిపోతారు, వాళ్లకి సూదెందుకు?”

హల్వార్ ఆధారం స్థాయిని ‘బలం’ నుంచి ‘బలహీనం’కి దించాడు. ఈ ఫలితం ఒక్కటే చూసి ఎవరినీ ఇంటికి పంపొద్దని కింద రాయించాడు. చివర్లో మామూలుగానే అడిగాడు, మిగతా పదహారు మంది ఏమయ్యారని.

టూర్డిస్‌కు తెలియదు. ఇన్నేళ్లలో వాళ్ల సంగతి అడగాలని కూడా తోచలేదు. ఓస్మున్‌కు కనీసం మొహం ఉంది.

సాయంత్రం బస్సులో ఆమె ఎవరి మొహమూ చూడలేదు. ఎదురుగా కూర్చున్నది ఆ పదహారు మందిలో ఎవరైనా కావచ్చు.