ఆరణాల సోడా

తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు వెళ్ళే పాసింజరు ఆ మధ్యాహ్నం ఒక చిన్న స్టేషనులో ఆగిపోయింది. ప్లాట్‌ఫారం మీద ఉన్నది ఒకటే కొట్టు. రైలు ఇప్పట్లో కదలదని తెలియగానే కొట్టతను అణా సోడాను ఆరణాలు చేశాడు. మంచినీళ్ళ కుండను బల్ల కిందకు తోసి, ఏదైనా కొన్నవాళ్ళకే నీళ్ళన్నాడు. మా పెట్టెలో ఒక పసివాడు దాహానికి ఏడుస్తున్నా వాడి మనసు కరగలేదు. అంత నీచుణ్ణి నేనెక్కడా చూడలేదు.

నా పక్కన కూర్చున్న, చేపలమ్ముకునే కొల్లేటి ఆవిడ దిగింది. స్టేషను వెనక నూతి దగ్గర తన చేపల బిందె తోముకుని, నిండా నీళ్ళు తెచ్చింది. ముందు పసివాడికి పట్టింది. తర్వాత నా వైపు తిరిగి, "తాగండి బాబుగారూ, శుభ్రంగా తోమానండి" అంది.

నీచువాసన తలచుకుని వద్దన్నాను. దిగి వెళ్ళి, అందాకా నేను తిట్టిపోసిన వాడి చేతిలోనే ఆరణాలు పెట్టి సోడా తాగాను.

"ఇంకోటి కొట్టమంటారా అండీ?" అన్నాడు వాడు, ఎంతో మర్యాదగా.

తిరిగి వచ్చేసరికి పెట్టెలో అందరూ ఆ బిందె చుట్టూ మూగి తాగుతున్నారు. ఆవిడ ఏమీ అనకుండా జరిగి నాకు చోటిచ్చింది.

ఏదైనా అని ఉంటే బావుండేది.